నరసింహప్ప కట్టిన బెండ్లు

1985 మే 6, సోమవారం

ఊరు చేరి పదకొండు రోజులైంది. దీవి బడిలో ఇచ్చిన నోటుపుస్తకం ఇది. ముందు సగంలో తొమ్మిదో తరగతి లెక్కలున్నాయి, వెనక సగం ఖాళీ. ఆ ఖాళీలో రాసుకుంటాను. ఎవరూ చదవరు. ఆంజినమ్మకు చదువు వచ్చుగానీ నా దస్తూరీ చదివే ఓపిక తనకు లేదని పెళ్ళయిన కొత్తలోనే తేల్చి చెప్పింది.

మాల్దీవుల్లో మాస్టర్లు కావాలని పేపర్లో పడితే గంగాధర, నేను కలిసి దరఖాస్తు పెట్టాం. వాడు సైన్సు, నేను లెక్కలు. ఒకే దీవి, ఒకే బడి, ఒకే గది. రెండేళ్ళ ఒప్పందం ముగించుకుని నేనొక్కడినే తిరిగి వచ్చాను. వాణ్ణి ఫిబ్రవరిలోనే అక్కడి ఇసుకలో పూడ్చిపెట్టాం.

బస్సు దిగగానే వాళ్ళమ్మ హనుమంతమ్మ నా మీద పడి ఏడ్చింది. వాళ్ళ నాయన నరసింహప్ప మామ ఏడవలేదు. గంగాధర సంచి నా చేతిలోంచి తీసుకుని రోడ్డు మీదే విప్పాడు. చొక్కాలు, వాచీ, టార్చిలైటు ఒక్కొక్కటే తీసి చూసి మళ్ళీ లోపల పెట్టాడు. ఇంకేదో ఉండాలన్నట్టు సంచిని తడిమాడు.

ఏం వెదికాడో నాకు తెలుసు. కొడుకు అల మీద ఆడడానికి తాను కట్టి ఇచ్చిన పలక తాలూకు తాడు ముక్క.

మే 7

వాళ్ళింటికి పోవాలి. పోలేదు.

మే 8

పోలేదు. ఎండ.

మే 10

ఆంజినమ్మ తిట్టి పంపించింది. "ఆ ముసిలోల్లు పొద్దన్నుంచి వాకిట్లో కూచ్చోని నీ దోవ చూస్తాండారు. నీకేమన్నా కాళ్ళు పడిపోయినాయా?"

పోయాను. హనుమంతమ్మ సంగటి ముద్ద పెట్టి చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వేసింది. గంగాధర తినే తట్టలోనే పెట్టింది. తిన్నాను. అంత రుచిగా ఉన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

చెయ్యి కడుక్కుంటుంటే మామ దగ్గరికి వచ్చాడు.

"రామదాసూ, ఒక మాట అడుగుతా. నిజం చెప్పల్ల."

"అడుగు మామా."

"నా కట్టు ఊడినాదా?"

చెంబు నా చేతిలోనే ఉంది. "చానా పెద్ద అల మామా," అన్నాను.

"అల సంగతి నేను అడగల్యా. కట్టు సంగతి అడిగినా."

తల దించుకున్నాను. ఆ దించుకోవడంలోంచే ఆయన తన జవాబు తీసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ప్రయాణం బడలిక ఇంకా తీరలేదు, మనిషికి మాట తోచదు.

మే 12

నిద్ర లేదు. రాస్తే పడుతుందేమో.

ఈ చుట్టుపక్కల సగం బావులు మామ తవ్వినవే. తాను తవ్విన బావిలో ఏ బిడ్డ మునిగినా ఆ పాపం తనదేనని ఆయన లెక్క. అందుకే ఊళ్ళో నడక వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఈత నేర్పాడు. మాకూ ఆయనే నేర్పాడు. కిత్తనార చెట్టు చచ్చేముందు ఒక్కసారి మనిషికి మూడింతల ఎత్తు కాడ లేపుతుంది. ఆ కాడ ఎండితే బెండు. చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. దాన్ని మూరెడు ముక్కలు కోసి, కిత్తనార తాడుతోనే ముడులు వేసి వీపుకు కట్టి, బావిలోకి తోసేవాడు. వారానికొక ముక్క తీసేసేవాడు. ఏ ముక్కా లేకుండా తేలిన రోజు ఈత వచ్చినట్టు.

ఆయన కట్టిన కట్టు ఏ బిడ్డ వీపు మీదా ఊడలేదు. ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

మెట్టు మీద కూర్చుని ఒకే మాట అరిచేవాడు. అలసిపోతే, నీళ్ళు మింగితే, భయమేస్తే, ఒకే మాట. "గట్టు పట్టుకో!" బావిలో ఎటు తిరిగినా గట్టే. నాలుగు బారలు కొడితే రాయి చేతికి తగులుతుంది. ఇంక భయం లేదు.

మే 13

రాస్తే పడుతుందనుకోవడం తప్పు.

మే 19, ఆదివారం

వాళ్ళింటికి పోయాను. సంగటి. మామ ఏమీ అడగలేదు. ఇంక అడగడు కూడా. తెలుసుకోవలసింది తెలిసిందనుకున్నాడు.

పోనీ, అదీ మంచిదే. ఏదో ఒక కారణం తెలిస్తే మనిషికి స్థిమితం.

మే 27

ఒకసారి జరిగింది జరిగినట్టు రాసి పెడితే సరి. ఫిబ్రవరి ఎనిమిది, శుక్రవారం, అక్కడ సెలవు. అల పెద్దది. గంగాధర పలక మీంచి జారాడు. పగడపు రాయి తలకు తగిలింది. నేనూ, పడవ నడిపే హసన్ కలిసి బయటికి తెచ్చాం. అప్పటికే అయిపోయింది.

అంతే. ఇందులో రాయడానికి ఇంకేముంది.

జూన్ 17

బడి తెరిచారు. నన్ను మా ఊరి హైస్కూలుకే వేశారు. ఎనిమిదో తరగతి పిల్లలు మొదటిరోజే లెక్కలు వద్దన్నారు, సముద్రం చెప్పమన్నారు. ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, అల మీద నిలబడొచ్చునా?"

"కూచ్చో," అన్నాను.

నిలబడొచ్చు. నేను నిలబడ్డాను.

దీవికి దక్షిణాన నీళ్ళలో పగడపు దిబ్బ. ఎంతో లోతులోంచి ఊరికే దొర్లుతూ వచ్చిన నీళ్ళు ఆ దిబ్బ తగలగానే ఉన్నపాటున లేచి నిలబడతాయి. ఒక చివర విరగడం మొదలై, దిబ్బ పొడవునా విరుగుతూ రెండో చివర దాకా పోతాయి. ఆ రెండో చివర దిబ్బ తెగి ఒక కాలువ ఉంది, పడవలు దాంట్లోంచే సముద్రంలోకి పోతాయి. పోటు ఉన్నప్పుడు దిబ్బ మీద నడుములోతు నీళ్ళు, పాటులో మోకాలిలోతు కూడా ఉండవు. అడుగున పగడమంతా కొడవలి పళ్ళే. ఓ తెల్లాయన సొంత పడవేసుకుని వచ్చి నెల రోజులు ఆ అల మీద ఆడాడు. పోతూ మాకు ఒకటే చెప్పాడు, ఇది నేర్చుకునేవాళ్ళ అల కాదు, నేర్చినవాళ్ళది.

మేం విన్నాం. ఏడాదిపాటు దీవి లోపలి చిన్న అలల్లోనే పడి లేచాం. ఎలా పడాలో హసన్ నేర్పాడు. బావిలో దూకినట్టు తలకిందులుగా దూకకూడదు, చాప పరిచినట్టు బోర్లా పడాలి. అక్కడి పిల్లలు ఇంటి తలుపు పలకల మీద ఆడతారు, అవి మోయలేనంత బరువు. గంగాధర సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు నాయనకు చెప్పాడు. నాయన ఏడు కిత్తనార బెండ్లు ఏరి, మనిషెత్తున కోసి, పక్కపక్కన చేర్చి, పన్నెండు చోట్ల ముడులు వేసి, పైన తారు పూశాడు. తిరువనంతపురం విమానాశ్రయంలో అదేమిటని అడిగితే, మా నాయన చేసిన మంచం అన్నాడంట వీడు.

ఎంత బాగా తేలేదో. తెల్లాయన పలక కూడా దాని ముందు పనికిరాదు.

నిలబడిన మొదటిసారి ఏం గుర్తుంది? చప్పుడు ఆగిపోవడం. వెనక అంత నీరు విరుగుతుంటే, ముందు గోడలా లేచిన నీళ్ళ మీద నేను పోతున్నాను, ఏమీ వినబడలేదు. కాలువలోకి జారి కూర్చున్నాక నవ్వు ఆగలేదు. ముప్పై ఆరేళ్ళ లెక్కల మాస్టరు. గంగాధర పడవలోంచి అరుస్తున్నాడు, "సార్, ఆంజినమ్మక్కకు చెప్తా ఉండు!"

ఇదంతా ఎందుకు రాశాను. ఆ పిల్ల మీద కసిరాను పాపం.

జూన్ 24

గాలి.

జూన్ 25

గాలి. విత్తనం చెనిక్కాయలు బస్తాల్లోనే ఉన్నాయి. మబ్బు వస్తుంది, గాలి దాన్ని తూర్పుకు తోలుకుపోతుంది.

జూలై 4

మోకాలి కింద గాయం మానడం లేదని ఆంజినమ్మ కాంపౌండరు ఇమాంసాబ్ దగ్గరికి లాక్కుపోయింది. ఆయన చీము తీసి, పట్టుకారుతో తెల్లటి ముక్కొకటి బయటికి లాగాడు. వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏందప్పా ఇది, సున్నపురాయా?"

"సముద్రంలోది అన్నా."

"ఐదు నెలలు ఇది కాల్లో పెట్టుకోని తిరిగినావా? నొప్పి లేదా?"

"ఉండింది."

"మరి చెప్పాల్నా వద్దా?" అని నవ్వాడు. ఆంజినమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చే దారిలో, నువ్వు ఏ నొప్పీ చెప్పవులే, అంది. జవాబు చెప్పడానికి ఓపిక లేక ముందు నడిచాను.

జూలై 14, ఆదివారం

మామ కరువు పనికి పోతున్నాడు. కుంట పూడిక తీయడం. అరవై దాటిన మనిషి. పని ఎందుకు మామా అంటే, "ఇంట్లో ఉంటే చేతులు ఊరుకోవు," అన్నాడు.

ఆయన నీళ్ళకు పోయినప్పుడు హనుమంతమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "పనినుంచి వచ్చినాక తాడు తీసుకోని కూచ్చుంటాడు రామదాసూ. ముడేస్తాడు, లాగి చూస్తాడు, ఇప్పుతాడు. మల్ల ముడేస్తాడు. యాడ తప్పు పోయిందో చూస్తాండా అంటాడు. ఆయప్పతో ఒక మాట మాట్లాడు. నువ్వు చెప్తే వింటాడు."

మాట్లాడతాను అన్నాను. రెండో ముద్ద వేసింది.

జూలై 15

చెబితే ఏమవుతుంది? కట్టు ఊడలేదని చెబితే, మరి ఎట్ల పోయినాడని అడుగుతాడు. కట్టు ఊడిందన్నదే ఆయనకు నయం. తాడు తాడే, తాడు మీద ఎవరికీ కోపం ఉండదు. నేను ఆయన కోసమే ఊరుకున్నాను.

జూలై 16

పైన రాసింది చదివాను. పిల్లాడు ఇలా లెక్క చేసుకొస్తే సున్నా వేసి పంపేవాడిని.

ఆగస్టు 2

అరకొరగా ఒక వాన. విత్తనం వేశారు.

ఆగస్టు 11, ఆదివారం

మామ చేతులు చూశాను. పారకు బొబ్బలెక్కిన చేతులు, వాటిని ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. తింటున్నప్పుడు తప్ప వెల్లకిలా తిప్పడం లేదు. పలక తేకపోతివే అన్నాడు ఒక్కసారి. విమానంలో ఎక్కించనియ్యలేదు మామా అన్నాను. పోయేటప్పుడు ఎక్కించినారే, అని ఆయన అనలేదు. అనుంటే బాగుండేది.

ఆగస్టు 12

నేను ఏదో అరిచాను ఆ రోజు. ఏమని అరిచానో గుర్తు లేదు.

ఆగస్టు 13

గుర్తుంది.

ఆగస్టు 30

వేసిన చేను ఎండుతోంది. మొలక తల వాల్చింది. ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడడం లేదు. నాకు బాగానే ఉంది.

సెప్టెంబరు 9

దీవి నుంచి ఉత్తరం. బడి హెడ్మాస్టరు రాశాడు, హసన్ చెప్పి రాయించాడు. గంగాధర సారు పలక హసన్ పడవల కొట్టంలో ఉంది. అన్నాళ్ళు నీళ్ళలో నానినా, ఇన్ని నెలలు కొట్టంలో పడున్నా ఒక్క ముడి కూడా జారలేదు. పిల్లలు దాని మీద ఆడతామని అడుగుతున్నారు. అది ఆ సారు తండ్రి చేతిపని అని మీరే చెప్పారు కదా, కాబట్టి ఆయన్ని అడిగి, ఆయన సరే అంటేనే ఇస్తాము, కనుక్కుని రాయండి.

ఎంత మర్యాద. ఉత్తరాన్ని ఈ నోటుపుస్తకంలోనే పెట్టాను, తొమ్మిదో తరగతి వైపు.

సెప్టెంబరు 15, ఆదివారం

వాళ్ళింటికి పోయాను. ఉత్తరం తీసుకుపోలేదు. మరిచిపోయాను.

సెప్టెంబరు 22, ఆదివారం

మరిచిపోయాను.

అక్టోబరు 6

వాన. మూడు రోజులు విడవకుండా కొట్టింది. చేలకు ఇప్పుడెందుకూ పనికిరాదు, అయినా జనం వాకిళ్ళలో నిలబడి తడిశారు. మామ తవ్విన పెద్ద బావిలో పది మెట్లు మునిగాయంట. రెండేళ్ళ తర్వాత నీళ్ళు.

అక్టోబరు 13, ఆదివారం

నేను సంగటి ముందు కూర్చుని ఉండగా పెద్ద బావి పక్కనే ఉండే మారెక్క వచ్చింది, ఇద్దరు కూతుళ్ళను చెరో చేత్తో పట్టుకుని. పెద్దదానికి ఎనిమిది, చిన్నదానికి ఆరు ఉంటాయి.

"పెద్దాయనా, బావి నిండినాది. వీళ్ళు నీళ్ళకాడికి పోకుండా కాపు కాయల్యాను. బెండ్లు కట్టి నాలుగు దినాలు నేర్పు నాయనా. నాకూ నువ్వే నేర్పితివి."

"నేను నేర్పనమ్మా."

"యాలప్పా?"

"నా కట్టు నిలబడదు."

మారెక్క పిల్లల చేతులు వదిలేసింది. ఈ ఊళ్ళో ఆ మాట విన్న మొదటి మనిషి ఆమె. "అట్లంటావేమి పెద్దాయనా, నీ కట్టు—"

"నిలబడదంటి గదమ్మా. పిల్లోల్లను పిల్చుకోని పో. బావికాడికి రానియ్యద్దు." లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మారెక్క నా వైపు చూసింది. నేను ముద్ద మింగాను. నీళ్ళు తాగాను.

అక్టోబరు 14

పూర్తిగా రాస్తాను. ఇంకోసారి రాయను.

ఆ శుక్రవారం గంగాధరను బయటి అల దగ్గరికి రమ్మన్నది నేను. వాడు ఇంకా లోపలి అలల్లోనే ఆడుతున్నాడు. ఎన్నాళ్ళు చెరువులో కప్పలా ఉంటావురా అని ఎగతాళి చేశాను. మొదటి మూడు అలలు వాడు బాగానే ఎక్కాడు. తర్వాత నేను ఇవతల దిబ్బ అంచుకు వచ్చి రాయి మీద నిలబడ్డాను, అలసిపోయి. పాటు మొదలైంది. నీళ్ళు దిగిపోతున్నాయి.

వాడూ అలసిపోయాడు. అలసిపోయినవాడు ఏం చేయాలో హసన్ మాకు వందసార్లు చెప్పాడు. అక్కడ గట్టే చంపేది. దిబ్బ వైపు చూడకూడదు. కాలువలోకి పోవాలి, పలక పట్టుకుని పడుకోవాలి, నీళ్ళు ఎంత దూరం లాక్కుపోయినా పోవాలి, పడవ వచ్చి ఎక్కించుకుంటుంది. గంగాధర సరిగ్గా అదే చేశాడు. కాలువలోకి వచ్చాడు. పలక మీద బోర్లా పడుకున్నాడు. నీళ్ళు వాణ్ణి మెల్లగా లోతుకు తీసుకుపోతున్నాయి. హసన్ పడవ అప్పటికే కదిలింది.

నేను చూస్తున్నాను, వాడు చిన్నగా అయిపోతున్నాడు. వాడి వెనక నల్లగా నీళ్ళు లేచాయి, ఒకదాని వెనక ఒకటి, ఐదో ఆరో. కాలువలో అవి విరగవు. వాడి కింద నుంచి పోతాయి. నాకు తెలుసు. వాడి కంటే నాకే బాగా తెలుసు.

భయమేసింది. భయమేస్తే నోట్లోంచి దీవి మాట రాలేదు, ఊరి మాట వచ్చింది. మామ గొంతుతోనే అరిచినట్టున్నాను. "గంగాధరా, గట్టు పట్టుకో!"

వాడు తలెత్తి నన్ను చూశాడు. పలక తిప్పాడు. దిబ్బ వైపు చేతులతో నీళ్ళు కొట్టుకుంటూ వచ్చాడు, బావిలో కొట్టినట్టు, గబగబ. దిబ్బ అంచు మీద మోకాలిలోతు నీళ్ళు. వాడు అంచు అందుకోబోయే క్షణానికి మొదటి అల వచ్చి అక్కడే విరిగింది.

పలక నా కాళ్ళ దగ్గరికి కొట్టుకొచ్చింది. పన్నెండు ముడులూ ఉన్నాయి. లెక్కపెట్టాను. వాడు ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు, నేను ముడులు లెక్కపెట్టాను.

అక్టోబరు 15

బడికి పోయాను. వడ్డీ లెక్కలు చెప్పాను.

నవంబరు 3, ఆదివారం

ఆంజినమ్మ చెప్పింది, మారెక్క చిన్నకూతురు బావి మెట్ల మీద ఒక్కతే కనబడితే ఎవరో చూసి ఎత్తుకొచ్చారంట. ఏమీ కాలేదు. రెండో మెట్టు దాకా దిగిందంట.

ఈరోజు వాళ్ళింటికి పోలేదు.

నవంబరు 10, ఆదివారం

ఉత్తరం తీసుకుపోయాను.

మామ వాకిట్లో తాడు పేనుతున్నాడు. హనుమంతమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. కూర్చోకుండానే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"మామా, కట్టు ఊడల్యా."

తాడు ఆయన వేళ్ళ మధ్య ఆగింది. "ఏమంటివి?"

"ఒక్క ముడీ ఊడల్యా. పలక అట్లనే ఒడ్డుకు వచ్చింది. ఇప్పటికీ ఆడనే ఉండాది." ఉత్తరం తెలుగు చేసి చదివాను. పిల్లలు అడుగుతున్నారన్నది కూడా చదివాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"మరి వాడెట్ల పోయినాడు?"

"వాడు సరైన తావులోనే ఉన్నాడు మామా. పలక పట్టుకోని ఊరికే పడుకోనింటే బతికింటాడు. పడవ పోతానే ఉండింది. నేను అరిస్తి."

"ఏమని?"

"గట్టు పట్టుకో అని. ఆడ గట్టుకు రాగూడదు. నాకు తెలుసు. తెలిసీ అరిస్తి."

తాడు కింద పెట్టాడు. ఇంటి లోపల సంగటి గెలికే చప్పుడు వినిపిస్తోంది.

"ఎన్నిసార్లు అరిస్తివి?"

"ఒక్కసారే."

"ఒక్కసారికే మర్లినాడా?"

"మర్లినాడు."

"నేను గొంతు పోయేట్టు పదిసార్లు అరిసినా మర్లేటోడు కాదు వాడు," అన్నాడు. "నీ మాటైతే ఒక్కసారికే విన్యాడు."

నేను ఏడ్చాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగాడు, మర్యాదకు ఆగినట్టు. తర్వాత చేతులు రెండూ వెల్లకిలా తిప్పి నా ముందు పెట్టాడు.

"అరిసిందానికి నేనేమీ అననప్పా. భయపడితివి, అరిస్తివి. నేను ఆడ ఉన్నా అదే అరిసిందును. ఈ చేతులు చూడు. ఆర్నెల్ల నుంచి వీటిని చూసుకుంటాండా, నా కొడుకును ఈ చేతులే సంపినాయని. నువ్వు ఎదురుగా కూచ్చోని, నా ఇంట్లో సంగటి తింటా, చూస్తాంటివి."

హనుమంతమ్మ తట్టతో బయటికి వచ్చింది. ఆమెకేమీ వినబడలేదు. "రా రామదాసూ, చల్లారిపోతాది," అంది.

"వానికి పెట్టద్దు," అన్నాడు మామ. "ఎందుకో నేను చెప్తా. రామదాసూ, లెయ్. ఇంగ ఈ ఇంటికి రావద్దు."

నేను నిలబడే ఉన్నాను. ఆ సంగతి ఆయన గమనించినట్టు లేదు. వచ్చేశాను.

నవంబరు 13

ఆంజినమ్మకు అంతా చెప్పాను.  అయ్యాక తను లేచి బిందె తీసుకుని నీళ్ళకు పోయింది. చాలాసేపటికి వచ్చింది.

నవంబరు 17, ఆదివారం

బావి దగ్గర మారెక్క కూతుళ్ళకు మామ బెండ్లు కట్టాడంట. ఇంకో నలుగురు పిల్లలు కూడా చేరారంట. ఆంజినమ్మ పోయి చూసి వచ్చింది. నా కోసం ఒక కబురు కూడా తెచ్చింది. ఆయన నాతో మాట్లాడడు కాబట్టి ఆమెకు చెప్పి పంపాడు.

"పలక ఆ పిల్లోల్లనే పెట్టుకోమన్యాడు. కాకపోతే ఏటికొకసారి అన్ని ముడులూ ఇప్పి, తాడు ఎండబెట్టి, మల్ల కట్టల్లంట. లేకుంటే తాడు కుళ్ళుతాదంట. ఎట్ల కట్టాల్నో ఇవరంగా రాయమన్యాడు, తప్పు రాయద్దన్యాడు."

కాగితం తీసి కూర్చున్నాను. పలక మీరే ఉంచుకోండి, ఆయన ఒప్పుకున్నాడు అని రాశాను. తాడు ఎండబెట్టాలని రాశాను. ముడి ఎలా వేయాలి అన్న చోట పెన్ను ఆగిపోయింది.

చిన్నప్పుడు మూడు వేసవులు ఆ ముడి నా మీదే ఉండేది. వీపు వెనక కట్టేవాడు, పలక మీద చూసిందీ వేసేసిన ముడులే, వేస్తుంటే ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా వేస్తారో నాకు తెలియదు. ఆ ఇంటికి పోయి అడగాలి. రావద్దన్నాడు.